'పోనాది' అనకండి, ఎక్కడ పోనాదో చెప్పండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎలక్ట్రానిక్ వస్తువుకి మరణ ధ్రువపత్రం ఒక్క మాటలో రాసిచ్చేస్తారు: "పోనాది". టీవీ పోనాది. మిక్సీ పోనాది. ఫోను పోనాది. కౌంటరు మీద పెట్టిన వస్తువుని ఒకసారి అటూ ఇటూ తిప్పి, ఈ మూడక్షరాల తీర్పు చెప్పి, మన వైపుకి నెట్టేస్తారు. అప్పీలు లేదు. కారణం అడిగితే విసుగు. "పోనాదంటే పోనాదే, ఇంకేటుంటాది?"

ఆ మాట మీద నాకు కోపం లేదు. అది మా ఇళ్ళలో పుట్టిన మాట, నేను రోజూ వాడే మాట. నా తగువంతా ఆ మాట తర్వాత పడే చుక్కతో. ఏ వస్తువూ మొత్తంగా పోదు. ఎక్కడో ఒకచోట పోతుంది. ఒక అతుకు దగ్గరో, ఒక తీగ దగ్గరో, వేలి గోరంత కెపాసిటర్ దగ్గరో పోతుంది. ఆ 'ఎక్కడ' అని అడగడం ఒక విద్య. మన ఊళ్ళలో ఆ విద్య ఉండేది. రేడియో మెకానిక్కులకి, టీవీ మెకానిక్కులకి, ఏ డిగ్రీ లేకుండా దుకాణంలో పిల్లాడిగా చేరి పదేళ్ళకి మేస్త్రీ అయినవాళ్ళకి ఉండేది. అది ఇప్పుడు మన కళ్ళముందే వెళ్ళిపోతోంది. టెక్నాలజీ మారిపోయింది కాబట్టి, అంటారు. సగం నిజం. మిగతా సగం ఏంటంటే, దాన్ని మనం ఎప్పుడూ తెలుగులో రాసిపెట్టుకోలేదు. రాయదగ్గ విషయం అని కూడా అనుకోలేదు.

ఈ మాట గాల్లో చెప్తే నమ్మరు. అందుకని సాహిత్య పత్రికల్లో ఎవరూ ముట్టుకోని ఒక వస్తువు తీసుకుంటాను. పాత వీడియో గేమ్. దాన్ని విప్పి, మార్పు చేసి, మళ్ళీ టీవీకి పెడితే బొమ్మ రాకపోవడం.

వీడియో గేమ్ ఎవరూ ముట్టుకోలేదనడం కూడా పూర్తిగా సరికాదు. తొంభైల బాల్యం మీద తెలుగులో కుప్పలుగా రాశాం. వేసవి సెలవులు, మారియో, కాంట్రా, కేసెట్టు తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టడం, "ఒక్క లైఫ్ ఇవ్వరా" అని బతిమాలడం. చదవడానికి హాయిగానే ఉంటాయి. కానీ ఆ పెట్టె మూత తీసి లోపల ఏముందో చెప్పిన వ్యాసం ఒక్కటి కూడా నా కంట పడలేదు. మనకి ఆ పెట్టె ఒక జ్ఞాపకం మాత్రమే. జ్ఞాపకానికి మూత ఉండదు, స్క్రూలు ఉండవు, పాడవదు కూడా. అందుకే దాన్ని ప్రేమించడం అంత సులువు.

నా దగ్గరికి వచ్చిన పెట్టె మాత్రం పాడైంది. రాజాంలో ఉండే మా అక్క కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. అటక మీద దొరికిన వీడియో గేమ్ ఒకటి తీసి బాగుచేద్దామనుకున్నాడు. అందులో యాంటెన్నా వైరు దారి ఒక్కటే ఉంది. ఆ దారిలో వచ్చే బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటుందని, లోపలి నుంచి నేరుగా ఏవీ దారి తీద్దామని విప్పాడు. ఎక్కడో దొరికిన సర్క్యూట్ బొమ్మ చూసి ఒక ట్రాన్సిస్టరు, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ పెట్టి అతికాడు. కొత్త టీవీకి తగిలిస్తే నీలం తెర. 'నో సిగ్నల్'. రిపేరు దుకాణానికి పట్టికెళ్ళాడు. పేరు అనవసరం, అలాంటి దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆయన మూత కూడా తియ్యలేదట. "ఇప్పీసినారు కదా బావూ, ఇంకేటి సేత్తాం? పోనాది."

"మావయ్యా, సౌండు వస్తోంది కదా, పోయిందని ఎలా అంటారు?" అన్నాడు వాడు నాతో ఫోన్లో.

ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి తట్టిన ప్రశ్న, కౌంటరు వెనక మనిషికి ఎందుకు తట్టలేదు? తట్టకపోవడం కాదు. తట్టినా అడగాల్సిన అవసరం లేదని మనందరం కలిసి ఆయనకి నేర్పాం.

ఇలా ఆలోచించండి. శ్రీకాకుళంలో బయల్దేరిన బస్సు విజయనగరం రాలేదు. రోడ్డు పోయిందంటామా? బస్సే లేదంటామా? అనం. చిలకపాలెంలో కనిపించిందా, రణస్థలం దాటిందా, నాతవలస దగ్గర ఎవరైనా చూశారా అని అడుగుతాం. రణస్థలంలో చూశామని ఒకరంటే, అక్కడికి ముందున్న దారంతా మంచిదేనని తేలిపోతుంది. ఇక వెతకాల్సింది మిగిలిన ముక్కే. చదువు రానివాళ్ళు కూడా చేసే పని ఇది. రిపేరు అంటే ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. బొమ్మకి కూడా ఒక దారి ఉంది, ఆ దారిలో ఊళ్ళున్నాయి.

మొదటి ఊరు కరెంటు. అడాప్టరు నుంచి ఈ పెట్టెలకి సాధారణంగా 9 వోల్టుల దగ్గర వస్తుంది. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు దాన్ని 5 వోల్టులు చేస్తుంది. మీటరు పెట్టి ఆ 5 ఉందో లేదో చూడాలి. అడాప్టరు పిన్ను లోపలి మొన కొన్నిటికి ప్లస్సు, కొన్నిటికి మైనస్సు. ఇంట్లో దొరికిన ఏదో ఒక అడాప్టరు గుచ్చడం మంచిది కాదు. రెండో ఊరు గడియారం, అంటే చిప్‌కి తాళం వేసే క్రిస్టల్. మూడోది కేసెట్టు. దాని పళ్ళు సరిగ్గా ఆనకపోతే తెర మొత్తం ఒకే రంగులో నిలబడిపోతుంది. ఆ ఒకే రంగు కూడా సాక్ష్యమే. టీవీ దాకా దారి బాగానే ఉంది, లోపల ఆటే మొదలవలేదు అని అర్థం. నాలుగోది బొమ్మ గీసే చిప్. ఐదోది ఆ చిప్ నుంచి బయటికి వచ్చే వీడియో గీత, దాని మీద ట్రాన్సిస్టరు. ఆరోది తీగ, సాకెట్టు. ఏడోది టీవీ.

ఇప్పుడు వాడి ప్రశ్నకి వద్దాం. సౌండు వస్తోంది. అంటే కరెంటు ఉంది, గడియారం కొట్టుకుంటోంది, కేసెట్టు చదువుతోంది. ఇంకో మాట కూడా తెలుస్తుంది. ఈ ఆటల్లో చాలావాటికి పాట నడిచేది బొమ్మ చిప్ వేసే తాళం మీదే. తెర ఒకసారి గీయడం పూర్తవగానే బొమ్మ చిప్ "అయింది" అని కబురు పెడుతుంది, ఆ కబురు అందినప్పుడల్లా పాట ఒక అడుగు ముందుకి వేస్తుంది. కాబట్టి పాట మామూలు వేగంతో వినిపిస్తోందంటే బొమ్మ చిప్ కూడా బతికే ఉంది. నాలుగు ఊళ్ళు దాటేశాం, మూత తియ్యకుండానే, కేవలం చెవితో. 'పోనాది' అన్న మనిషి ఈ నాలుగు ఊళ్ళనీ కలిపి పాతేశాడు.

మిగిలింది వీడియో గీత, తీగ, టీవీ. ఇక్కడే మన ఊరి సంగతి ఒకటి ఉంది. చిప్ నుంచి వచ్చే వీడియో బలహీనమైంది. టీవీ సాకెట్టు దాన్ని 75 ఓమ్స్ బరువుతో లాగుతుంది, 1 వోల్టు ఎత్తున కావాలంటుంది. ఆ బరువు మొయ్యడానికే మధ్యలో ట్రాన్సిస్టరు. సర్క్యూట్ బొమ్మలు జపాన్ మెషీన్ల కోసం గీసినవి, వాటిలో ఏ1015 అనే ట్రాన్సిస్టరు రాసి ఉంటుంది. మన దుకాణాల్లో అది అడిగితే దాని బదులు బీసీ557 ఇస్తారు. పని ఒకటే, రెండూ ఒకే జాతి. కానీ కాళ్ళ వరస వేరు. చదునుగా ఉన్న ముఖం మన వైపు తిప్పుకుని చూస్తే ఏ1015కి వరసగా ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ557కి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఒకదాని కన్నాల్లో రెండోదాన్ని తిన్నగా గుచ్చితే బేస్ వెళ్ళి కలెక్టర్ చోట కూర్చుంటుంది, వీడియో అక్కడే నొక్కుకుపోతుంది.

ఇది ఎలా తెలిసిందంటే, పక్కింటి పిన్నిగారింట్లో పాత లావు టీవీ ఒకటి ఇంకా ఉంది. దానికి తగిలించి చూడమన్నాను. కొత్త టీవీ 'నో సిగ్నల్' అన్న అదే తీగకి పాత టీవీలో ఉందా లేదా అన్నంత మసగ్గా ఏదో కదిలింది. పిన్నిగారు చూసి, "బొమ్మ దొల్లిపోతంది రా, వొచ్చీది వొస్తంది, నిలబడ్లేదు" అన్నారట. ఆ ఒక్క వాక్యంలో రోగ నిర్ధారణ అయిపోయింది. సిగ్నల్ ఉంది, కానీ బలం లేదు. ప్రతి బొమ్మకీ మొదలు ఇక్కడ అని చెప్పే గుర్తు ఒకటి సిగ్నల్‌లోనే అడుగున ఉంటుంది. అది సన్నబడితే టీవీకి మొదలు ఎక్కడో తెలియదు, అందుకే దొర్లుతుంది. ట్రాన్సిస్టరు కాళ్ళు మెలిపెట్టి, ఒకదానికొకటి తగలకుండా స్లీవు తొడిగి, సరైన కన్నాల్లో పెడితే బొమ్మ నిలబడింది.

కొత్త టీవీలో మాత్రం ఇప్పుడు తెలుపు నలుపులో వచ్చింది. చాలా కొత్త టీవీల్లో పసుపుపచ్చ వీడియో పిన్నుకి వేరే సాకెట్టు ఉండదు. ఆకుపచ్చ సాకెట్టే రెండు పనులూ చేస్తుంది. మెనూలో 'కాంపోనెంట్' అని ఉంటే ఆ సాకెట్టులోకి వచ్చిన దాన్ని వెలుగు నీడలుగా మాత్రమే తీసుకుంటుంది, రంగు చదవదు. మెనూలో 'ఏవీ' ఎంచుకోగానే మారియో టోపీకి ఎరుపు వచ్చింది. అంటే రెండో లోపం పెట్టెలో లేనే లేదు. దుకాణం మాట విని పెట్టెని పారేసుంటే, టీవీ మెనూలో ఒక్క లైను కోసం పారేసినట్టయ్యేది.

నా రెండో తగువు ఆ నీలం తెరతో. పాత టీవీకి ఎన్ని లోపాలున్నా అబద్ధమాడడం చేతకాదు. సిగ్నల్ బలహీనంగా ఉంటే చుక్కలు చూపించేది, తప్పుగా ఉంటే దొర్లించి చూపించేది, రంగు పద్ధతి కలవకపోతే తెలుపు నలుపులో చూపించేది. ఏది వస్తే అది. ఆ చెడిపోయిన బొమ్మే మనకి దారి చెప్పేది. కొత్త టీవీ ముందు తనే తీర్పు చెప్పుకుంటుంది. తనకి నచ్చిన కొలతల్లో సిగ్నల్ లేకపోతే తెర మీద నీలం పరదా దించేసి, "సిగ్నల్ లేదు" అంటుంది. లేకపోవడం వేరు, నాకు అర్థం కాలేదు అనడం వేరు. మన దూరదర్శన్ పద్ధతిలో 625 గీతలు. వాటిని ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు, రెండు వాయిదాల్లో గీస్తారు, ఒక్కో వాయిదాకి 312న్నర. ఈ ఆటపెట్టెలు ఆ అరగీత వదిలేసి, ప్రతిసారీ అవే 312 గీతలు గీస్తాయి. జపాన్, అమెరికా పద్ధతి పెట్టెలైతే 262. లావు టీవీకి ఆ తేడాతో పని లేదు. కొన్ని కొత్త టీవీలు మాత్రం ఆ అరగీత లేదని తడబడతాయి. పెట్టె మంచిదే, టీవీ మంచిదే, కానీ ఒకరి భాష ఒకరికి తెలియదు. ఈ తడబాటుకి కూడా మన దగ్గర పేరు 'పోనాది'.

దుకాణదారుణ్ణి ఒక్కణ్ణే అనడం అన్యాయం. ఆయన నీలం తెరని చూసి నేర్చుకున్నాడు. కంపెనీల సర్వీసు సెంటర్లు బోర్డులో ఎక్కడ పోయిందో వెతకవు, బోర్డే మార్చేస్తాయి. గంటసేపు వెతికి, పది రూపాయల ట్రాన్సిస్టరు మార్చి, గంట కూలి అడిగితే ఇచ్చేవాళ్ళం మనం కాదు. "పది రూపాయల ముక్కకి ఇంతా?" అంటాం. కొత్త బోర్డుకి వేలు పోస్తాం, వెతికిన మెదడుకి వంద ఇవ్వం. 'పోనాది' అనడం ఆయనకి లాభం, 'ఎక్కడ' అని వెతకడం నష్టం. ఆ లెక్క మనం పెట్టిందే.

ఇప్పుడు అసలు విషయం, భాష. పిన్నిగారు "దొల్లిపోతంది" అన్నారు చూశారా, అది సాంకేతిక పదం. యాంటెన్నా కాలం మనుషులందరికీ ఈ పదజాలం ఉండేది. బొమ్మ దొర్లుతోంది అంటే నిలువు తాళం తప్పింది. బొమ్మ పక్కకి చీరుకుపోతోంది అంటే అడ్డ తాళం తప్పింది. నీడ బొమ్మ వస్తోంది అంటే సిగ్నల్ రెండు దారుల్లో వస్తోంది. అడ్డంగా మందపాటి పట్టీ మెల్లగా పైకో కిందకో పాకుతోంది అంటే అడాప్టరులో కరెంటు సరిగ్గా వడకట్టలేదు. నిలువుగా కిటికీ ఊచల్లా సన్నటి గీతలున్నాయంటే లోపల చిప్‌ల మధ్య నడిచే సందడి వీడియో తీగలోకి దూరుతోంది. ఆ తీగని పొట్టి చేసి దూరంగా నడపాలి, ఎర్తు గట్టిగా అతకాలి. పైన బాగుండి కిందకి వచ్చేసరికి వెలుతురు మారిపోతోందంటే బయటికి వెళ్ళే కెపాసిటరు చిన్నది పెట్టారు. 220 మైక్రోఫారడ్ ఉండాల్సిన చోట 10 పెట్టి ఉంటారు. దొర్లడం, చీరుకోవడం, నీడ, పట్టీ, ఊచలు. వీటిలో కష్టమైన మాట ఏది? ఏ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి ఇవి?

లేవు. మన ఐటీఐ, పాలిటెక్నిక్ కుర్రాళ్ళకి రెండే దారులు. ఒకటి ఇంగ్లీషు, అర్థమయ్యేలోపు పరీక్ష అయిపోతుంది. రెండోది 'సమకాలీకరణ లోపము' లాంటి తెలుగు. అది అర్థం చేసుకోవడానికి మళ్ళీ ఇంగ్లీషు కావాలి. మధ్యలో "దొల్లిపోతంది" అన్న మాట ఉంది. అది క్లాసులోకి రాకూడదు, అది మోటు.

ఈ తగువు ఇంతకుముందు ఎక్కడ జరిగిందో గుర్తుందా? ఇక్కడే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పోరాడింది సరిగ్గా దీని మీదే. చదువుకునే కుర్రాడికి వాడు మాట్లాడే భాషలో చదువు అందాలని. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టింది అందుకే. సవరల భాష నేర్చుకుని, వాళ్ళకి వాచకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువు చేసింది కూడా అందుకే. విజయనగరంలో గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది అందుకే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి మనం ఏం చేస్తున్నాం? వ్యావహారికం గెలిచింది అంటాం. ఎక్కడ గెలిచింది? కథల్లో, కవితల్లో, పత్రికల్లో గెలిచింది. సాల్డరింగ్ ఐరన్ దగ్గర ఓడిపోయింది. గెలిచినంత మేర మనం కూర్చుని, ఓడినచోటు మన పని కాదనుకున్నాం. సాహిత్యకారుల మీద నా ఫిర్యాదు ఇదే. మాండలికాన్ని ఏడవడానికీ నవ్వించడానికీ వాడుకున్నాం, వివరించడానికి వాడలేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, "ఇప్పుడు ఆ ఆటలన్నీ ఫోన్లో వస్తాయి కదా, ఈ తీగల గోలెందుకు?" వస్తాయి, నిజమే. ఆట కావాలంటే ఫోను చాలు. కానీ ఆ కుర్రాడు వారంలో నేర్చుకున్నది ఆట కాదు. బొమ్మ అంటే గీతలని, గీతకి కాలం ఉంటుందని, సిగ్నల్‌కి బలం ఉంటుందని, ఒక పరికరం ఇంకో పరికరం మీద బరువు వేస్తుందని నేర్చుకున్నాడు. నాలుగు సెమిస్టర్లలో బోర్డు మీద చూసింది వేళ్ళతో తాకాడు. ఇంత చవగ్గా, ఇంత భద్రంగా నేర్పే పెట్టె మరొకటి లేదు. ఇది 9 వోల్టుల వస్తువు, షాక్ కొట్టదు. లావు టీవీ మూత మాత్రం తియ్యకూడదు. రంగుల టీవీ గొట్టంలో 20 వేల వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు అందులో నిలవుంటుంది. ఈ తేడా చెప్పడం కూడా రిపేరు విద్యలో భాగమే.

రెండోది, "అవి దొంగ నకళ్ళు కదా?" అవును. 1983 జులై 15న జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకళ్ళు. మీడియా అనీ లిటిల్ మాస్టర్ అనీ రకరకాల పేర్లతో మన సందుల్లోకి వచ్చినవి అవే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాడు దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది పాల్ పద్ధతిలో, సెకనుకి 50 తెరలు. జపాన్ పెట్టె సెకనుకి 60. ఆ నకలు చేసినవాళ్ళు కనీసం మన టీవీకి తగ్గట్టు చిప్ మార్చి పంపారు. అసలు పెట్టె కొనే స్తోమత రాజాంలోనో పలాసలోనో ఎవరికుంది? హక్కుల వాదన కంపెనీ చేసుకోవచ్చు. నా వాదన, ఇప్పటికే మన అటకల మీద ఉన్నవాటిని చెత్తలో వెయ్యొద్దని.

మూడోది, "అన్నీ ఇంగ్లీషులో, వీడియోల్లో ఉన్నాయిగా?" ఉన్నాయి, వేరే పెట్టెల గురించి. "బొమ్మ చిప్ 21వ కాలు పట్టుకో" అని ఉంటుంది. మన నకళ్ళలో చాలావాటికి కాళ్ళే కనపడవు, బోర్డు మీద నల్లటి తారు బొట్టు ఒకటి ఉంటుంది, చిప్ దాని కింద. 21వ కాలు ఎక్కడ వెతకాలి? ఇక్కడ చెప్పాల్సింది వేరు. యాంటెన్నా సాకెట్టు ఉన్న వెండి డబ్బాలోకి ప్రధాన బోర్డు నుంచి నాలుగు తీగలు వెళ్తాయి సాధారణంగా: 5 వోల్టులు, ఎర్తు, సౌండు, వీడియో. మీటరుతో మొదటి రెండూ తేల్చుకుంటే మిగిలిన రెంటిలో వీడియో దొరుకుతుంది. ఏ1015కి బదులు బీసీ557 ఇస్తారు, కాళ్ళు చూసుకో అని చెప్పేవాడు కూడా ఇక్కడివాడే అయి ఉండాలి. విద్య ప్రపంచానిదే, కానీ లోపం ఎప్పుడూ స్థానికం.

"ఒక బొమ్మపెట్టె కోసం ఇంత పేజీ ఎందుకు?" అని ఇంకా అనిపిస్తే, పెట్టెని పక్కన పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇళ్ళలో తడిసిన మోటార్లు, స్టార్టర్లు, ఇన్వర్టర్లు, టీవీలు ఎన్నో. అలాంటప్పుడు కంపెనీ సర్వీసు సెంటరు రాదు. తడిసిన వస్తువుని తుడిచి, ఆరబెట్టి, కరెంటు ఎక్కడిదాకా వస్తోందో మీటరు పెట్టి చూసే మనిషి ఊళ్ళో ఉంటే బతుకు ఒక వారం ముందు మొదలవుతుంది. లేకపోతే 'పోనాది', అప్పు చేసి కొత్తది. ప్రతి ఇంటి నుంచీ ఒకరు వలస వెళ్ళే ఊళ్ళున్న జిల్లాలు ఇవి. ఊళ్ళో ఉండి బతకగలిగే పనుల్లో రిపేరు ఒకటి. దాన్ని మనమే మాటతో చంపుతున్నాం.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కొత్త ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మంచిదే. కానీ విప్పే హక్కు చట్టం ఇస్తుంది గానీ, విప్పాక ఏం చూడాలో చట్టం చెప్పదు. అది చెప్పేది భాష. పొందూరులో వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి ఏకుతారని మురిసిపోతూ రాస్తాం. బొబ్బిలి వీణ పనసకర్ర గురించి రాస్తాం. రాయాలి. కానీ అదే జిల్లాల్లో కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, లెడ్డు పొగ పీలుస్తూ, కనపడని లోపాన్ని మూడు కొలతల్లో పట్టుకునే చెయ్యి మనకి చేతిపనిగా కనపడదు. ఆ చెయ్యి పాతది కాదు కాబట్టి దానికి మ్యూజియంలో చోటు లేదు, కొత్తది కాదు కాబట్టి కాలేజీలో చోటు లేదు.

అందుకని అడుగుతున్నాను. దుకాణం పెట్టుకున్న అన్నల్ని, చీటీ మీద 'పోయింది' అని రాసేచోట ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ ఆగింది అని ఒక్క లైను రాయమని. వెతికిన గంటకి కూలి అడగమని. మనల్ని, అడిగితే ఇమ్మని. పాలిటెక్నిక్ మాస్టార్లని, 'దొల్లిపోతంది' అన్న మాటని బోర్డు మీద రాసి, దాని పక్కన సిగ్నల్ బొమ్మ గియ్యమని. పెద్ద మెకానిక్కుల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ నోట ఉన్నది కాగితం మీద పెట్టమని ఆ కుర్రాళ్ళని. కథలకీ కవితలకీ ఇచ్చే పేజీల్లో నెలకొక్కటి ఇలాంటి రాతకి ఇమ్మని పత్రికలవాళ్ళని. మాండలికంలోనే ఇమ్మని.

ఇవేవీ జరక్కపోయినా ఒకటి మాత్రం ఇవాళే మన చేతిలో ఉంది. ఈసారి ఎవరైనా "పోనాది" అంటే, సరేనని సంచీలో వేసుకుని వచ్చెయ్యకండి. కౌంటరు దగ్గరే నిలబడి, మెత్తగానే, మన యాసలోనే అడగండి: "పోనాది సరే బావూ, ఏడకాడికి వొచ్చి పోనాది?"